అవ్వ గదిలో రేంజరు సుబ్బయ్య

ఆ రోజుల్లో సాహసయాత్రకు బయలుదేరాలంటే గుర్రమూ కత్తీ అక్కర్లేదు. తిరిగే ఫ్యాను ఉన్న గది ఒకటి, చాప ఒకటి, ఆదివారం మధ్యాహ్నం ఒకటి దొరికితే చాలు. మద్రాసు చెన్నైగా మారిన కొత్త రోజులు. బస్సుల మీద ఒక పేరు, కొట్ల బోర్డుల మీద ఇంకో పేరు, మా మావయ్య నోట మాత్రం రెండూ కాకుండా 'పట్నం'. ఆ పట్నంలో, జార్జి టౌన్ సందుల్లో, ఆయనకు తాళ్ల కొట్టు ఉండేది. బీకాం పూర్తిచేసి, ఏ ఆఫీసుకూ నా అవసరం లేదని తేలిపోయాక నేను ఆ కొట్లో కుదురుకున్నాను. పని తాడు కొలవడం. రెండు చేతులూ బార చాచి రోజంతా గాలిని కౌగిలించుకోవడమన్నమాట. (నా చేతులు పొట్టివి. అందుకే కొలతకి మావయ్య ఎప్పుడూ నన్నే పిలిచేవాడు. నా ప్రతిభను గుర్తించాడని చాలాకాలం అనుకున్నాను.) కొట్లో నన్నెవరూ ఏదీ అడిగేవారు కాదు, చెప్పేవారు. తాడు చుట్ట దింపు, ముడి వెయ్యి, బండివాణ్ని పిలువు. వారం మొత్తం మీద నన్ను ఒక ప్రశ్న అడిగేవాడు ఒక్కడే. వాడు ఆదివారం మధ్యాహ్నం వచ్చి, చాప మీద బాసింపట్టు వేసుకుని, కళ్లజోడు సర్దుకుని నా వంక చూసి "ఇప్పుడు నువ్వేం చేస్తావు?" అనేవాడు. ఆ ప్రశ్న కోసం మిగతా వారమంతా తాడు కొలవడానికి నాకు అభ్యంతరం ఉండేది కాదు.

వాడి పేరు మాకు జడ్జి. నిజం జడ్జి కాదు, లా చదువుతున్నాడు. కాలేజీలో నా పక్కన కూర్చున్నవాడు. మైలాపూరు నుంచి, కొత్తగా వేసిన వంతెన మీది రైలెక్కి వచ్చేవాడు. "ఆ రైల్లో డ్రైవరు, వీడు తప్ప ఇంకెవరూ ఎక్కరు, దానికే వీడికి అంత ఠీవి" అని బుల్లెట్ అనేవాడు. బుల్లెట్‌ది రాయపురం. వాళ్ల నాన్నది చేపల వ్యాపారం. మాటల మధ్య ఊపిరి తీసుకోడు కాబట్టి ఆ పేరు. వాళ్ల మావకి ఓడల దగ్గర పని. ఎవరో నావికుడు వదిలేసి పోయిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఆయన ఇంటికి తెస్తే, జడ్జి దాన్ని జిరాక్సు తీయించి, స్పైరల్ బైండింగు చేయించి, చట్టంలాగా చంకన పెట్టుకు తిరిగేవాడు. జిరాక్సు కొట్టువాడి పుణ్యమా అని అందులోని బొమ్మలన్నీ నల్లగా మాడిపోయాయి. వీరులు ఎలా ఉంటారో, రాక్షసులు ఎలా ఉంటారో మాకు చివరిదాకా తెలియదు. రెండూ ఒకే రకం బొగ్గులా ఉండేవి.

ఆట సంగతి తెలియనివారికి రెండు ముక్కలు. ఒకడు కథ చెబుతాడు. మిగతావాళ్లు తలా ఒక వేషం కడతారు. కిరీటమూ మీసమూ లేకుండా, ఉత్త నోటితోనే. కథ చెప్పేవాడు మిమ్మల్ని ఏ గుహ ముందుకో తీసుకుపోయి నిలబెట్టి, ఏం చేస్తావు అంటాడు. మీరు చేసేది చెప్పాలి. అది పారిందో లేదో పాచిక చెబుతుంది. గెలుపు లేదు, ఓటమి లేదు, చావు మాత్రం ఉంది. పుస్తకంలో చెప్పిన ఇరవై ముఖాల పాచిక మాకు పట్నం మొత్తంలో దొరకలేదు. హౌసీ ఆట అంకెల బిళ్లల్లో ఒకటి నుంచి ఇరవై దాకా ఏరి, ఎవరి పెళ్లిలోనో తాంబూలం పెట్టి ఇచ్చిన పసుపు సంచిలో పోశాం. వధూవరుల పేర్లు అచ్చువేసిన ఆ సంచిలో చెయ్యి పెట్టి మేము ఎన్ని ప్రాణాలు తీశామో ఆ దంపతులకు తెలియదు.

గది మా అవ్వది. అవ్వ అంటే మా అమ్మ తల్లి, మావయ్య తల్లి, ఆ ఇంటికి సుప్రీంకోర్టు. కింద కొట్టు, పైన ఇల్లు, ఆ పైన మిద్దె మీద అవ్వ గది. ఆదివారం మధ్యాహ్నం ఆ ఇంట్లో నలుగురు మగపిల్లలు అరుచుకోగల చోటు అదొక్కటే. పచ్చీసు, వైకుంఠపాళి ఆడి పెరిగిన మనిషి కాబట్టి పాచికల ఆట అనగానే అవ్వకి గౌరవం కలిగింది. కాకపోతే షరతు పెట్టింది. "రాక్షసుల్ని చంపుకోండి. దేవుళ్లే చంపినారు, మీరు చంపితే ఏమి? గొడ్డూ గోదా, పిట్టా పీకా జోలికి పోయినారంటే మాత్రం ఆ చాప మడిచి చేతికిస్తా. ఈ గదిలో దేవుడి పటాలు ఉండాయి." మా ఇంట్లో కోడిగుడ్డు మాట కూడా సందు చివర దాటాకే పలికేవాళ్లం. జడ్జి షరతు ఒప్పుకున్నాడు. ఆ పూట నుంచి మా ఆటలో ఎలుగుబంట్లు, తోడేళ్లు అన్నీ రాక్షసులుగా ప్రమోషన్ పొందాయి. అవ్వ గడప దగ్గర గోడకానుకుని దీపానికి ఒత్తులు చేసుకుంటూ కూర్చునేది. వింటున్నట్టు కనిపించేది కాదు.

ఇక నా సంగతి. గంభీరమైన ఘట్టం కనిపిస్తే నా నాలుక ఆగదు. పెళ్లిలో అప్పగింతలప్పుడు నన్ను వెనక వరసలో కూర్చోబెడతారు. జడ్జి ఒకసారి వారాల తరబడి ఆలోచించి ఒక రాజుగారి మరణం అల్లుకొచ్చాడు. రాజు చావబోతూ రాజ్యరహస్యం చెప్పాలి. జడ్జి కళ్లు మూసుకుని, గొంతు వణికించి, "నా... సింహాసనం... కింద..." అన్నాడు. నేను "బల్లి ఉందా?" అన్నాను. బుల్లెట్ చాప మీద దొర్లాడు. గుండు (మా మావయ్య కొడుకు, నాకు బావమరిది, తిరుపతిలో ఇచ్చిన జుట్టు ఎందుకో మళ్లీ పూర్తిగా రాలేదు) నీళ్లు తాగుతున్నవాడు తాగుతున్నట్టే జడ్జి మీద చల్లాడు. జడ్జి కళ్లజోడు తుడుచుకుని, పుస్తకం మూసి, మెల్లగా అన్నాడు: "ఇంకొక్క జోకు. ఒక్కటంటే ఒక్కటి. ఆ తర్వాత నీకు ఈడ చోటు లేదు." గది మా అవ్వదిరా అని నేను గుర్తుచేశాను. "గది మీది, కథ నాది. నేను మైలాపూరులో వేరే చాప వేసుకుంటా" అన్నాడు. అన్నంత పనీ చేసేవాడు కూడా.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే మీరు నమ్మరు, బాగానే పట్టింది. మర్నాడు కొట్లో తాడు కొలుస్తుంటే మాత్రం భయం వేసింది. ఆదివారం కూడా సోమవారంలాగే ఉంటే ఎలా అని. నా పాత వేషం ఒక దొంగ. వాడు నోరున్న దొంగ, ప్రతి మాటా జోకే. రాజుగారితోపాటు వాణ్ని కూడా జడ్జి అదే రోజు చంపేశాడు (పిడుగు పడిందట, సింహాసనం గదిలో). కొత్త మనిషిని తయారుచేసుకోవాలి, వాడు నవ్వించకూడదు. జడ్జి పుస్తకంలో ఎవరూ తెరవని అధ్యాయం తీసి నా ముందు పెట్టాడు. రేంజరు. అడవిలో ఒంటరిగా తిరిగే యోధుడు. జాడలు పట్టగలడు, విల్లు వెయ్యగలడు, రెండు చేతులా రెండు కత్తులు తిప్పగలడు. "అన్నిటికన్నా ముఖ్యం, వీడు మాట్లాడడు" అన్నాడు జడ్జి.

అలా మొదలైంది నా నిర్మాణం. వైకుంఠపాళి పెట్టెలోని పాచికలు మూడు వేసి వచ్చిన అంకెలను బలం, చురుకు, ఓర్పు, తెలివి, వివేకం, ఆకర్షణ అని పంచుకోవాలి. పెద్ద అంకెలన్నీ మొదటి మూడింటికీ పెట్టేశాను. ఆకర్షణకి అడుగున మిగిలింది వచ్చింది. అక్కడొక్కచోటే వాడికీ నాకూ పోలిక. బుల్లెట్ పడీ పడీ నవ్వాడు. "మచ్చాన్, నువ్వా వేటగాడివి? మునక్కాయ నమిలేదానికే నీకు అరగంట పడతాది! చేపల బుట్టల మధ్య పుట్టినోణ్ని నేను మంత్రాలు చదువుతా ఉంటే, పప్పుచారు తాగేవోడు విల్లు పడతాడంట!" నిజమే. బుల్లెట్ వేషం ఒక బక్క మంత్రగాడు. రక్తం చూస్తే కళ్లు తిరిగే రకం. ఆటలో అందరికన్నా పాతవాడు, నెలల తరబడి పెంచుకొచ్చిన ప్రాణం. వాడికి చిన్న గీటు పడినా బుల్లెట్ ఆ వారం మాతో సరిగ్గా మాట్లాడేవాడు కాదు.

ఆటలో ముదిరి కొన్ని మెట్లు ఎక్కాక రేంజరుకు చిన్నచిన్న మంత్రాలు వస్తాయని పుస్తకంలో రాసుంది. నేను వద్దన్నాను. "డేయ్, చుమ్మా వస్తాయిరా, కాణీ ఖర్చు లేకుండా" అన్నాడు జడ్జి. అయినా వద్దన్నాను. వ్యాపారం చేసుకునే ఇంట పుట్టి ఉచితంగా వచ్చేదాన్ని కాదన్నవాణ్ని మా వంశంలో నేనే మొదటివాణ్ని అయి ఉంటాను. కారణం అప్పుడు చెప్పలేకపోయాను. నా చుట్టూ ఉద్యోగాలొచ్చిన ప్రతివాడి వెనకా ఏదో ఒక మంత్రం ఉండేది: ఎవరికో చిన్నాన్న, ఎవరికో ఎమ్మెల్యే. ఒక్కడైనా తన రెండు చేతులతో బతికేవాడు నాకు తెలిసుండాలని ఉండేది, వాణ్ని నేనే తయారుచేసుకోవలసి వచ్చినా సరే. తర్వాత, రేంజరుకు ఒక జన్మశత్రువును ఎంచుకోవాలి. నేను పందికొక్కు రాక్షసులు అన్నాను. జడ్జి కళ్లజోడు పైనుంచి చూశాడు. "ఇది జోకా?" "కాదురా. మా గోడౌనులో తాళ్లన్నీ అవే కొరుకుతాయి. నాకు నిజంగా కోపం." నా మొహం పరీక్షగా చూసి రాసుకున్నాడు. నిజం చెబితే జోకులా వినిపించే జబ్బు నాకు అప్పుడే ఉందని దీన్నిబట్టి మీకు తెలియాలి.

సామాను రాసేటప్పుడు ఇంకో పేచీ వచ్చింది. తాడు అని రాసి జడ్జి ముందుకు పోబోతే నేను ఆపాను. "ఏ తాడు? కొబ్బరి పీచా, జనపనారా, నైలానా? తడిస్తే ఒక్కొక్కటి ఒక్కో రకంగా బిగుస్తుంది." జడ్జి "తాడు. అంతే" అన్నాడు. తిండి గురించి మాత్రం ఎవరూ ఏమీ రాయలేదు. రేంజరు వేటాడుకుని తింటాడు, మూట మొయ్యక్కర్లేదు అని పుస్తకం. గడప దగ్గర ఒత్తి నలుపుతూ అవ్వ తల ఎత్తకుండానే అడిగింది: "అడివికి పొయ్యేవోడు తినేదానికి ఏం పెట్టుకున్నాడు?" మేము నవ్వి ఊరుకున్నాం.

పేరు దగ్గర నేను కొంచెం నాటకీయంగా పోదలచుకున్నాను (ఇతరుల నాటకాలంటే పడదు కానీ మనది మనకు ముద్దే కదా). నా రేంజరుకు తల్లి లేదు, తండ్రి లేడు, ఊరు లేదు, పేరు కూడా లేదు అని గొంతు తగ్గించి ప్రకటించాను. జడ్జి మొహం వెలిగిపోయింది. అప్పుడు గడప దగ్గర్నుంచి మాట వచ్చింది. "పేరు లేకుండా అన్నానికి ఎట్ల పిలుస్తారురా వాణ్ని?" దానికి పుస్తకంలో జవాబు లేదు. "తల్లి లేని బిడ్డ, పాపం. సుబ్బయ్య అని పెట్టు" అంది అవ్వ. అంతే. అడవులు గడగడలాడించవలసిన వీరుడు సుబ్బయ్య అయ్యాడు. నాటకాలకు గాలి తీసే గుణం నాకు ఎక్కడినుంచి వచ్చిందో ఆ రోజు తెలిసింది.

ఆ వారమంతా నేను సుబ్బయ్యనే. మాట తగ్గించాను. మావయ్య పలకరిస్తే తల ఊపేవాణ్ని. గోడౌనులో ఎవరూ లేనప్పుడు రెండు కొలబద్దలు రెండు చేతులా పట్టుకుని తిప్పడం సాధన చేసేవాణ్ని. ఎడమచేతి కత్తికి వేలాడుతున్న బల్బు తగిలి పగిలి, గది చీకటైపోయి, చుట్టల మీద నేను పడి ఉండగా మావయ్య వచ్చాడు. గుమ్మంలో నిలబడి చూసి, "కొట్లో కోలాటం ఆడేదానికి ఇంకోడు ఉండాలి కదరా అబ్బయ్యా, జత ఎవురు?" అని మాత్రం అడిగాడు. సుబ్బయ్య మాట్లాడడు కాబట్టి నేను మాట్లాడలేదు.

ఆటలోనూ అంతే. కొన్ని ఆదివారాలు నేను ఒక్క జోకు వెయ్యలేదు. జాడలు పట్టాను, విల్లు వేశాను, పందికొక్కు రాక్షసుల్ని రెండు చేతులా నరికాను. జడ్జి మొహంలో శాంతి కనబడసాగింది. గుండు మాత్రం ఒకసారి పక్కకి పిలిచి "బావా, ఒళ్లు బాగుండాదా? డాక్టరుకాడికి పోదామా?" అన్నాడు.

అలాంటి ఒక ఆదివారం జడ్జి మమ్మల్ని పెద్ద అడవిలో దించాడు. ఏరు దాటుతుంటే పడవ తిరగబడి గుండు, బుల్లెట్ తెచ్చుకున్న తిండిమూటలన్నీ కొట్టుకుపోయాయి. నడిచాం, నడిచాం. ఎండాకాలం, చెట్లకు కాయ లేదు. గుండు వేషం ఒక ఇనుప కవచం వీరుడు. వాడు కవచం మోయలేక కూర్చుండిపోయాడు. బుల్లెట్ మంత్రగాడికి నీరసంతో ప్రాణం లెక్క కాగితం మీద ఒక్క గీతకు దిగిపోయింది. జడ్జి గొంతు తగ్గించి, "పొద్దుగూకేలోపు వీడి నోట్లో ఏదైనా పడకపోతే చచ్చిపోతాడు. రూలు" అన్నాడు. బుల్లెట్ మాట్లాడటం మానేశాడు. ఆ సంఘటన జరగడం నాకు తెలిసి అదే మొదటిసారి. అప్పుడు జడ్జి కళ్లజోడు సర్దుకుని, అవ్వ వంక ఒకసారి దొంగచూపు చూసి, పెదాలు కదిలీ కదలకుండా అన్నాడు: "వాగు దగ్గర ఒక జింక నీళ్లు తాగుతా ఉంది. రేంజరూ, ఇప్పుడు నువ్వేం చేస్తావు?"

నేను వారాలుగా ఎదురుచూసిన ప్రశ్న అది, సరిగ్గా నా మనిషిని అడిగాడు, సరిగ్గా నా మనిషి చేయగలిగిన పని. నేను నోరు తెరిచి అవ్వ వంక చూశాను. ఒత్తి నలుపుతున్న చెయ్యి ఆగి ఉంది. కొడితే చాప మడిచి చేతికిస్తుంది, ఆట పోతుంది. కొట్టకపోతే బుల్లెట్ మంత్రగాడు పోతాడు. ముందు "పళ్లు వెతుకుతా" అన్నాను. లేవన్నాడు జడ్జి. "దుంపలు తవ్వుతా." నేల రాయి అన్నాడు. "చేపలు" అనబోయి దేవుడి పటాలు చూసి మింగేశాను. చివరికి, ఊపిరి బిగబట్టి, నా జీవితంలో అంత గంభీరంగా ఎప్పుడూ చెప్పని మాట చెప్పాను:

"మా సుబ్బయ్య మాంసం ముట్టడు. శాకాహారి."

గుండు ముక్కుతో నవ్వాడు. జడ్జి పుస్తకం ఫట్‌మని మూశాడు. "చెప్పినాను కదరా నీకు. ఒక్క జోకు అని."

"జోకు కాదురా."

"అడివిలో ఉండే వేటగాడు, శాకాహారి! ఇది జోకు కాకపోతే ఇంకేంది?"

"డేయ్, నేను చస్తా ఉండానురా!" అన్నాడు బుల్లెట్. "నీకు నవ్వులాటగా ఉంది కదా? కొట్టరా దాన్ని!"

"నవ్వడం లేదురా" అన్నాను. నవ్వడం లేదని చెప్పేటప్పుడు నా మొహం ఎలా ఉంటుందో ఏమో, ఎవరూ నమ్మలేదు. జడ్జి బిళ్లలు సంచిలోకి ఏరడం మొదలుపెట్టాడు. వచ్చే వారం మైలాపూరులో వేరే చాప పడుతుందనీ, దాని మీద నా చోటు ఉండదనీ ఆ బిళ్లల చప్పుడులోనే వినిపించింది. అవ్వ షరతు సంగతి అక్కడ అందరికీ తెలుసు. జోకు అన్న కోపంలో, ఇందాక దొంగచూపు చూసిన జడ్జితో సహా అందరూ దాన్ని మరిచిపోయారు. గుర్తు చెయ్యాలంటే అవ్వ ఎదురుగానే, ఇదంతా నీ షరతు వల్లే అవ్వా అనాలి. అది నాకు చేతకాలేదు.

"ఏందిరా సద్దు?" అంది అవ్వ. "ఓ కళ్లజోడబ్బాయా. ఆ మంత్రాల పిల్లోడు నిజంగానే పోతాడా?"

"పొద్దుగూకితే పోతాడు అవ్వా. రూలు" అన్నాడు జడ్జి, ఏరడం ఆపకుండా.

అవ్వ ఒత్తుల పళ్లెం పక్కకి జరిపింది. మోకాళ్ల మీద చేతులు పెట్టి లేచి, నాలుగడుగులు వేసి, మా చాప అంచున కూర్చుంది. అంతకుముందు ఎప్పుడూ ఆ చాప మీదికి రాలేదు. నా వంక చూసింది. "కొట్టరా."

"అవ్వా! ఈ గదిలో..."

"గది కడుక్కుంటా. పటాలకి నేను చెప్పుకుంటా. పక్కనోడు ఆకలితో పోతా ఉంటే విల్లు పట్టుకోని నిలబడి నా మొగం చూస్తావేమిరా? కొట్టు!"

జడ్జి చేతిలో బిళ్లలు ఆగిపోయాయి. బుల్లెట్ అవ్వని చూశాడు, నన్ను చూశాడు. నేను ఇంతసేపూ ఎవరి కోసం నీళ్లు నమిలానో వాడికి అప్పుడు తెలిసింది. సంచి తీసి నా ముందు పెట్టాడు. లెక్క చూస్తే భయపడేంత పని లేదు. నేను సుబ్బయ్యను కట్టిందే దీనికోసం: చురుకు, విల్లు, అడవి అన్నీ కలుపుకుంటే ఆ సంచిలో దాదాపు ఏ బిళ్ల వచ్చినా జింక పడినట్టే. అవ్వ కళ్లు మూసుకుని వెంకటేశ్వరస్వామిని తలుచుకుంది (జీవహింసకు ఆయన్ని సాయం పిలవడం ఆ గదిలో అదే మొదలు, అదే చివర). నేను పసుపు సంచిలో చెయ్యి పెట్టి, కలిపి, ఒకటి తీశాను.

ఒకటే వచ్చింది. అంటే, ఒకటి అంకె.

ఒకటి వస్తే ఉత్త గురి తప్పడం కాదు, ఘోరం జరగాలి. జడ్జి పుస్తకం తెరిచి, ఆ పట్టిక వెతికి, ఒకసారి చదువుకుని, నా వంక చూడలేక చెప్పాడు: "వింటినారి తెగింది." తాళ్ల కొట్టు నుంచి వచ్చినవాడి తాడు తెగింది. జింక చెవులు రిక్కించి, ఒక్క గెంతు గెంతి మాయమైంది.

అంతకన్నా మంచి సందర్భం నా జీవితంలో రాలేదు. నాలుక చివర జోకు తయారుగా ఉంది. మా మావయ్య సరుకు గురించి, నాణ్యత గురించి. అందరూ దానికోసమే నా మొహం చూస్తున్నారని కూడా తెలుస్తోంది. కానీ బుల్లెట్ తల వంచుకుని చాప పుల్ల పీకుతున్నాడు. నేను సుబ్బయ్యను అంత శ్రద్ధగా కట్టుకున్నాను, మంత్రాలు కూడా వద్దనుకున్నాను. జోకు రాలేదు.

అవ్వే అంది. చెంగుతో మొహం తుడుచుకుని, తీరుబడిగా, "పోనీలే. దానికీ ఇంటికాడ పిల్లలుంటాయి."

మొదట నవ్వింది జడ్జి. రాజుగారి చావు దగ్గర నవ్వనివాడు, బల్లికి నవ్వనివాడు, కళ్లజోడు తీసేసి, పొట్ట పట్టుకుని, గోడకి జారబడి నవ్వాడు. గుండు నవ్వాడు, నేను నవ్వాను, చచ్చిపోబోతున్న బుల్లెట్ కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. మేమెందుకు అంత నవ్వుతున్నామో అవ్వకి అర్థం కాలేదు. ఆమె జింక గురించే అన్నది మరి.

నవ్వు తగ్గాక జడ్జి పుస్తకం తెరిచి ముందుకీ వెనక్కీ తిప్పాడు. దాంట్లో మమ్మల్ని బతికించే పేజీ లేదు. కాసేపటికి పుస్తకం మూసి, నిజంగా మూసి, పక్కకి నెట్టి, కొత్త గొంతుతో మొదలుపెట్టాడు. "చెట్ల నడుమ పొగ కనబడతా ఉంది. దగ్గరికి పోతే ఒక గుడిసె. గుడిసెలో ఒక అవ్వ." అని మా మీదినుంచి చూపు తిప్పి ఆమె వంక చూశాడు. "అవ్వా, నీ గుమ్మం ముందుకి ముగ్గురు వచ్చి నిలబడినారు. ఒకడు పడిపోయేట్టు ఉండాడు. ఇప్పుడు నువ్వేం చేస్తావు?"

"నన్నా అడిగేది?" అంది అవ్వ.

"నిన్నే."

అవ్వ మమ్మల్ని ఒక్కొక్కళ్లనీ చూసింది. ఆ ఇంట్లో అందరూ అవ్వని అడిగేవాళ్లే: ఉప్పు ఎక్కడ, తాళం చెవి ఎక్కడ, పెళ్లికి ముహూర్తం ఎప్పుడు. ఇలాంటిది ఎవరైనా అడిగారో లేదో నాకు తెలియదు. కొంగు భుజం మీదికి లాక్కుని చెప్పింది.

"ముందు కాళ్లు కడుక్కోని రమ్మను. తర్వాత ఆ మంత్రాల పిల్లోడికి గంజి పోస్తా, ఒట్టి కడుపుకి అన్నం పడదు. ఆ ఇనపచొక్కావోణ్ని చొక్కా తీసి కూసోమను. సుబ్బయ్యని..." అని నన్ను చూసి, "వాణ్ని మాత్రం ఆ తెగిన విల్లు బయట పెట్టి రమ్మను" అంది.

బుల్లెట్ మంత్రగాడికి ప్రాణం పూర్తిగా వచ్చిందని జడ్జి ప్రకటించాడు. దానికి బిళ్ల తియ్యక్కర్లేదన్నాడు. అవ్వ లేచి కిందికి పోయి, బొరుగులకు తిరగమాత పెట్టి పెద్ద పళ్లెంలో తెచ్చి చాప మధ్య పెట్టింది. చేతులు పెట్టబోతే ఆపింది. మేము నలుగురం మిద్దె మీద తొట్టి దగ్గరికి వరసగా పోయి, మారుమాట్లాడకుండా, కాళ్లు కడుక్కొని వచ్చాం. పోయేటప్పుడు మెట్ల దగ్గర జడ్జి, వెనక్కి తిరగకుండానే, "వచ్చే ఆదివారం రెండు గంటలకి. లేటు చెయ్యొద్దు" అన్నాడు. నాతోనే.

ఆ తర్వాత మేము ఏ కొండ ఎక్కినా, ఏ సముద్రం దాటినా, సాయంత్రానికి దారి తప్పి ఎలాగో ఆ గుడిసె దగ్గరికే చేరేవాళ్లం. రాక్షసులు కూడా ఒకసారి వచ్చారు. వాళ్లనీ కాళ్లు కడుక్కొని రమ్మంది. సుబ్బయ్య చాలా మెట్లు ఎక్కాడు. మంత్రాలు రాలేదు. జడ్జికి నల్లకోటు వచ్చేదాకా, బుల్లెట్ చేపల వ్యాపారంలో కూర్చునేదాకా, నాకు చివరికి ఒక ఆఫీసు దొరికేదాకా (మంత్రం లేకుండానే, నాకూ ఆశ్చర్యమే) ఆట నడిచింది. కొట్టు ఇప్పుడు గుండుది. పై గదిలో ఫ్యాను ఉంది, అవ్వ లేదు.

మొన్న మా అమ్మాయి ఫోనులో ఏదో అడవి ఆట ఆడుతూ, విల్లు పట్టుకున్న వీరుణ్ని చూపించి, "నాన్నా, నీకూ ఇట్లాంటివాడు ఉండేవాడంట కదా, వాడు పడగొట్టిన పెద్ద జంతువు ఏది?" అని అడిగింది. ఆలోచించి, వింటినారి అన్నాను. జోకు అనుకుని నవ్వింది. ఆ జబ్బు నాకింకా తగ్గలేదు. ఆఫీసులో ఎవరైనా మునిగిపోయిన మొహంతో వచ్చి, పెద్ద కష్టం బల్ల మీద పరిచి, ఇప్పుడేం చేద్దాం సార్ అంటే, వెనకటి అలవాటు కొద్దీ గాలి తీసెయ్యడానికే నోరు తెరుస్తాను. తీరా నోట్లోంచి వచ్చేది మాత్రం "ముందు పోయి కాళ్లు కడుక్కొని రండి" అని. వాళ్లు నా వంక అదోలా చూస్తారు. కొందరు నిజంగానే పోయి కడుక్కొని వస్తారు.